లెక్కకు రాని ప్రయాణికులు

వైద్యం చేయని డాక్టర్లలో ఈ దేశపు పల్లెటూళ్ళవాళ్ళు ఎక్కువగా తిట్టుకునే డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు రిచర్డ్ బీచింగ్. భౌతికశాస్త్రంలో పరిశోధన చేసి డాక్టరు బిరుదు తెచ్చుకుని, ఒక పెద్ద రసాయనాల కంపెనీలో పైమెట్లెక్కి, 1961లో బ్రిటిష్ రైల్వేల పెత్తనానికి వచ్చాడు. ఏడాదికి 24,000 పౌన్ల జీతమిచ్చి తెచ్చుకున్నారు. ప్రధానమంత్రికి కూడా అప్పట్లో అంత లేదు. ఆయన కత్తిపెట్టిన రోగి రైల్వే. కోసి పారేసిన అవయవాలు చిన్న చిన్న స్టేషన్లు. మన ఔట్ పేషంట్లలో డెబ్భై దాటినవాళ్ళని కాస్త కదిపి చూడండి, ఇవాళ్టికీ ఆ పేరు వినపడుతుంది. పేరు ముందు "డాక్టరు" అని ఉన్న పాపానికి మనం కూడా ఒక నిమిషం తలవంచుకోవలసి వస్తుంది.

సంఘ పత్రికలో రైళ్ళ గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. రైళ్ళ మీద మోజుతో రాస్తున్నది కాదిది. ఒక వసతిని ఎంతమంది వాడుకుంటున్నారు అన్నది ఒక ప్రశ్న. అది లేకుండా పోతే ఎవరికి ఏమవుతుంది అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి కూడా చెప్పేశామని అనుకోవడం వల్ల, చెడ్డవాళ్ళు కానివాళ్ళు కూడా అన్యాయం చేస్తూ ఉంటారని మా అభిప్రాయం. ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. అయితే ఆస్పత్రుల్లో దాన్ని రకరకాల పెద్ద మాటలు కప్పేస్తాయి. మూతపడిన ఒక పల్లె స్టేషను కథలో అది బట్టబయలుగా కనపడుతుంది.

ముందు బీచింగ్ పక్షాన చెప్పవలసింది చెప్పాలి. 1962లో రైల్వేలకు వచ్చిన నష్టం 10 కోట్ల 40 లక్షల పౌన్లు. ఆ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు, పన్నులు కట్టేవాళ్ళ జేబులోంచి రావాలి. ఆయన 1961 ఏప్రిల్ 23తో ముగిసిన ఒక వారం పాటు దేశమంతటా రైలెక్కినవాళ్ళని, దిగినవాళ్ళని లెక్కపెట్టించాడు. దేశంలోని రైలుదారిలో మూడోవంతు మీద జరిగే ప్రయాణం, మొత్తం ప్రయాణంలో నూటికి ఒక్క పాలేనని తేలింది. ఆ లెక్కలో అబద్ధం లేదు. 1963 మార్చి 27న వెలువడిన నివేదికలో 2,363 స్టేషన్లు, 5,000 మైళ్ళ దారి మూసెయ్యమని రాశాడు. ఆయనను తెచ్చినవాడు రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్. ఈయనకు రోడ్లు వేసే కంపెనీలో వాటాలుండేవి, మంత్రి అయ్యాక వదులుకోవలసి వచ్చింది. ఇందులో కుట్ర ఉందని ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళున్నారు. మాకు కుట్ర అక్కర్లేదు. కుట్ర లేకుండా, నిజాయితీగా లెక్క వేసి చేసిన పనే మనని ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

ఆ నివేదికలో మూసివేతకు ఎక్కిన దారుల్లో ఒకటి స్కాట్లండులో ఎడింబరో నుంచి సరిహద్దు కొండల మీదుగా ఇంగ్లండులోని కార్లైల్ దాకా 98 మైళ్ళు పోయేది. వాల్టర్ స్కాట్ నవలల పేరు మీద దాన్ని వేవర్లీ దారి అనేవారు. ఆ దారిలో సరిహద్దుకు దగ్గరగా, లిడెల్ అనే ఏటి ఒడ్డున న్యూకాసిల్‌టన్ అని ఒక ఊరుంది. 1793లో అక్కడి జమీందారు బక్లూ డ్యూకు గీత గీసినట్టు వీధులు వేయించి కట్టించిన ఊరు. చేనేతవాళ్ళకు ఇళ్ళ స్థలాలిచ్చి కూర్చోబెట్టాడు. 1862లో అక్కడికి రైలు వచ్చింది. ఉత్తరాన హాయిక్, దక్షిణాన కార్లైల్ - ఎటు చూసినా పట్నం ఇరవై మైళ్ళకు పైమాటే. మధ్యలో గొర్రెలు మేసే కొండలు, గాలి, వాన. బడికి, సంతకు, డాక్టరు దగ్గరికి, పురిటికి, పెళ్ళికి ఆ రైలే దిక్కు. నూరేళ్ళు గడిచాయి. కార్లు వచ్చాయి. కారున్నవాడు రైలెక్కడం మానేశాడు. కారు లేనివాడు ఎక్కుతూనే ఉన్నాడు. వారం పాటు లెక్కపెట్టినవాడికి కనపడింది మాత్రం తగ్గుతున్న తలకాయల సంఖ్య.

ఇక్కడ ఈ దేశపు చట్టాన్ని ఒక విషయంలో మెచ్చుకోవాలి. 1962 రవాణా చట్టం ప్రకారం, స్టేషను మూసేముందు నోటీసు అంటించాలి. ఎవరైనా అభ్యంతరం చెబితే ప్రయాణికుల సలహా సంఘం విచారణ జరపాలి. ఆ సంఘం విచారించవలసింది ఒక్కటే: దీనివల్ల ఎవరికి కష్టం? అచ్చంగా ఆ మాటే చట్టంలో ఉంది. మనం పైన చెప్పిన రెండో ప్రశ్న అదే. కాని చమత్కారమేమంటే, ఆ సంఘానికి కష్టం గురించి మాట్లాడే హక్కుంది గాని డబ్బు లెక్కలు తవ్వే హక్కు లేదు. రైల్వేవాళ్ళ దగ్గర డబ్బు లెక్కలున్నాయి గాని కష్టం గురించి ఆలోచించే పని లేదు. రెండూ కలిపి చూడవలసినవాడు మంత్రి. అంటే ఒకరి చేతికి గుండె, ఇంకొకరి చేతికి త్రాసు ఇచ్చి, ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టారన్నమాట.

వేవర్లీ దారికి 1966లో నోటీసు పడింది. అంతకు రెండేళ్ళ ముందు, 1964 ఎన్నికల్లో, పెద్ద మూసివేతలు ఆపుతామని లేబర్ పార్టీ మాట ఇచ్చింది, గెలిచింది. విచారణ జరిగింది. కష్టం ఉందని అందరూ ఒప్పుకున్నారు. 1968 జులైలో ఆ పార్టీ మంత్రి రిచర్డ్ మార్ష్ మూసెయ్యమని సంతకం పెట్టాడు. హాయిక్ గృహిణి మాడ్జ్ ఎలియట్ ఊరూరా తిరిగి 11,678 సంతకాలు పోగుచేసి ఆ డిసెంబరులో లండనులో ప్రధానమంత్రి ఇంటికి పట్టుకుపోయింది. ఫలితం లేకపోయింది. అంతకన్నా మనసును కలచేది ఇంకొకటుంది. అదే 1968 అక్టోబరులో పార్లమెంటు కొత్త రవాణా చట్టం చేసింది. నష్టం వచ్చినా ప్రజలకు అవసరమైన రైళ్ళకు ప్రభుత్వం సాయం చెయ్యవచ్చునని అందులో రాశారు. అంటే రెండో ప్రశ్నకు డబ్బు కేటాయించే ఏర్పాటు వచ్చింది. వచ్చిన తరువాతే, మూడు నెలలు తిరక్కుండా, వేవర్లీ దారి మూశారు. మందు ఊళ్ళోకి వచ్చాక రోగి పోవడం మన వృత్తిలో మనం చూసిందే గాని, అలవాటు పడలేం.

1969 జనవరి 5, ఆదివారం రాత్రి. ఎడింబరో నుంచి లండనుకు పోయే ఆఖరి రైలు బయలుదేరింది. హాయిక్‌లో జనం మంత్రి పేరు రాసిన శవపేటిక ఒకటి తెచ్చి రైల్లో ఎక్కించారు. అర్ధరాత్రి దాటాక బండి న్యూకాసిల్‌టన్ చేరేసరికి, ఊరివాళ్ళు లెవెల్ క్రాసింగ్ గేట్లు మూసి పట్టాలకు అడ్డంగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు ఆ ఊరి చర్చి పాదిరి బ్రైడన్ మేబెన్. పోలీసులు వచ్చి పాదిరిని పట్టుకుపోయారు. జనం కదల్లేదు. ఆ రైల్లోనే ఆ నియోజకవర్గపు పార్లమెంటు సభ్యుడు డేవిడ్ స్టీల్ ఉన్నాడు, అప్పటికి ముప్ఫయ్యేళ్ళవాడు. దిగి వచ్చి ఇటు పోలీసులతో, అటు ఊరివాళ్ళతో మాట్లాడి రాజీ కుదిర్చాడు: పాదిరిని వదిలితే గేటు వదులుతారు. సుమారు రెండు గంటల ఆలస్యం తరువాత రైలు కదిలింది. ఆ తరువాత ఆ స్టేషనుకు రైలు రాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. గేటుకు అడ్డంగా నిలబడ్డవాళ్ళలో ఎంతమంది రోజూ ఆ రైలు ఎక్కేవాళ్ళు? లండను ఆఫీసులో కూర్చున్న గుమాస్తా అడగదగిన ప్రశ్నే. నిజంగా అంతమందీ ఎక్కి ఉంటే ఆ దారి మూతపడేదే కాదు గదా అంటాడు. ఎక్కనివాడికి బండి ఆపే హక్కు ఏమిటంటాడు.

ఈ మాటకు జవాబు మన ఊళ్ళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వెతుకుదాం. అక్కడ పాముకాటు మందు సీసాలు ఉంటాయి, ఉండాలి. ఒక కేంద్రంలో ఏడాదంతా ఎవరికీ పాము కరవలేదనుకోండి. సీసాలు గడువు దాటిపోయాయి, పారేశారు. లెక్కలు చూసే ఆడిటరు వచ్చి "వాడకం సున్నా, కాబట్టి అవసరం సున్నా, వచ్చే ఏడు కొనవద్దు" అని రాస్తే మనం ఏమంటాం? వాడకం సున్నా అయిన ఏడాది కూడా ఆ సీసా ఒక పని చేసింది. నాట్లలో చీకటితో పొలంలోకి దిగిన ప్రతి ఆడకూతురికీ అది అండగా ఉంది. ఆమె దాన్ని వాడుకోలేదు గాని దాని మీద ఆధారపడింది. వాడుక లెక్కకు వస్తుంది, ఆధారం లెక్కకు రాదు. పల్లెటూరి చివరి బండి, రాత్రి డ్యూటీ డాక్టరు, ఖాళీగా ఉన్న ప్రసూతి మంచం - ఇవన్నీ ఆ సీసా కోవలోవే. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు ఆ అండ కోసం నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది ఆ వారం టిక్కెట్టు కొని ఉండకపోవచ్చు. దానివల్ల వాళ్ళ మాట అబద్ధమైపోదు.

అయితే ఇక్కడ ఆగిపోతే మనం సగం నిజమే చెప్పినట్టు. అండ ఉచితంగా రాదు. ప్రతి గూడెంలోనూ రాత్రి డాక్టరును కూర్చోబెడితే, పట్నం ఆస్పత్రిలో ఆపరేషనుకు మనిషి ఉండడు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి. రోగులు బారులు తీరినప్పుడు ఎవరిని ముందు చూడాలో నిర్ణయించడం మనకు నేర్పిన విద్యే, అందులో దయ లేదని ఎవరూ అనరు. కాబట్టి బీచింగ్ గీత గీశాడని మా ఫిర్యాదు కాదు. గీత గీసిన పద్ధతి మీదే మా ఫిర్యాదు. ఆయన ప్రతి చిన్న స్టేషనునూ విడిగా తూచాడు. చిన్న స్టేషనులో ఎక్కినవాడే పెద్ద స్టేషనులో దిగుతాడు. ఇక్కడ మూసేస్తే జనం కారులో పెద్ద స్టేషను దాకా వచ్చి అక్కడ రైలెక్కుతారని ఊహించారు. కారు తీసినవాడు మధ్యలో ఎందుకు దిగుతాడు? నేరుగా ఊరికే పోయాడు. వేలి కొసకు పోయే నెత్తురు చుక్కెడే గదా అని దాన్ని కట్టేస్తే ఏమవుతుందో మనం చెప్పనక్కర్లేదు. రైళ్ళకు బదులు వేసిన బస్సులు కూడా చాలాచోట్ల కొన్నేళ్ళకే ఆగిపోయాయి, జనం ఎక్కడం లేదన్న కారణం మీదనే.

ఇంకొకటి. మూసివేత వల్ల ఎవరికి ఎంత భారమో ఆ లెక్కలో లేదు. కారున్న రైతుకు పోయింది ఏమీ లేదు. బండి నడపలేని ముసలమ్మకు, పదహారేళ్ళ పిల్లకు, మొగుడు కారు తీసుకుని పనికి పోయిన ఇల్లాలికి పోయింది లోకంతో ఉన్న సంబంధం. సగటు వేస్తే ఈ ఇద్దరి నష్టమూ కలిసి "స్వల్ప అసౌకర్యం" అవుతుంది. సగటు రోగి అనే మనిషిని మేము ఇంతవరకు వార్డులో చూడలేదు.

ఆ రోజుల్లోనే, 1962లో, ఈ దేశపు ఆస్పత్రులకు కూడా ఇలాంటి పథకమే ఒకటి వచ్చింది. లక్ష, లక్షన్నర జనాభాకు 600 నుంచి 800 మంచాల పెద్ద ఆస్పత్రి ఒకటి కట్టి, చిన్నవాటిని క్రమంగా మూసెయ్యడం. అప్పటి ఆరోగ్య మంత్రి ఈనాక్ పవెల్ - 1968లో మనబోటి వలసవాళ్ళ మీద చేసిన ప్రసంగంతో పేరుమోసిన ఆయనే. పథకం చాలా మటుకు మంచిదే. గుండె జబ్బువాడు పెద్ద ఆస్పత్రిలోనే బతుకుతాడు. మనలో చాలామందికి ఉద్యోగాలిచ్చింది కూడా అలాంటి పెద్ద ఆస్పత్రులే. కాని ఇప్పటికీ ఒక చిన్న ఆస్పత్రిలో రాత్రి విభాగం మూసే ప్రస్తావన వచ్చినప్పుడల్లా బల్ల మీదకు వచ్చే కాగితంలో ఒక్కటే గడి ఉంటుంది: నెలకు ఎందరు వచ్చారు. అలాంటి సమావేశం ఒకదానిలో మేము, పక్కన ఇంకో గడి గీసి "ఇక్కడ లేకపోతే వాళ్ళు ఎలా పోతారు, ఎంతసేపు పడుతుంది, తోడు ఎవరు" అని రాయమన్నాము. "దాన్ని ఏ కొలతలో రాయాలి?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. మాటల్లో రాయమన్నాము. మాటలను కూడటం కుదరదన్నారు.

మన దేశంలో సంగతి చూద్దామంటే, తూర్పు గోదావరివాళ్ళకు తెలిసిన కథే ఉంది. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గోదావరి గట్టున ఉన్న కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల రైలుదారి 1928లో వేశారు. కోనసీమకు పోయేవాళ్ళు కోటిపల్లి రేవులో దిగి పడవెక్కేవారు. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని తెల్లదొరలు ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. అక్కడ నోటీసు లేదు, విచారణ లేదు, కష్టం ఎవరికని అడిగిన చట్టం లేదు. ఈ దేశంలో తమ పల్లెవాళ్ళని కనీసం అడిగి కాదన్నారు. మనవాళ్ళని అడగనే లేదు. ఈ రెంటికీ తేడా చిన్నది కాదు. లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగి గారి పూనికతో ఆ దారి మళ్ళీ పట్టాలెక్కింది. 2004లో రైలు నడిచేనాటికి ఆయన లేరు. మధ్యలో 64 ఏళ్ళు.

ఆ 64 ఏళ్ళు జనం బతకలేదా అంటారు కొందరు. బతికారు. రైలు తిరిగి వచ్చాక కొన్నేళ్ళు ఆ దారిలో నడిచింది ఒంటిపెట్టె రైలుబస్సు, అదీ నిండిన రోజులు తక్కువ. "చూశారా, అవసరం లేదని అప్పుడే తేలింది గదా" అంటారు. మాకిది తిరగేసిన వాదంగా కనపడుతుంది. ఒక కాలు లేకుండా పదేళ్ళు బతికినవాడు కర్రతో నడవడం నేర్చుకుంటాడు. కాలు అతనికి అవసరం లేదనడానికి అది సాక్ష్యం కాదు. పైగా, ఉన్నవాళ్ళు సర్దుకున్నారంటున్నాం. సర్దుకోలేనివాళ్ళు ఏమయ్యారు? ఊరు వదిలి పోయారు. పోయినవాళ్ళు ఏ లెక్కలోకీ రారు. ఉన్నవాళ్ళని లెక్కపెట్టి, అందరూ బాగానే ఉన్నారని రాసుకుంటాం.

పోయినవాళ్ళంటే మనమే గదా. మన ఇళ్ళలో ఈ సంభాషణ జరగని ఇల్లు ఉండదు. "మా ఊరి స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఆపడం మానేశారట", "మా ఊరి ఆర్టీసీ బస్సు తీసేశారట" అని ఎంతో బాధపడతాం. రెండేళ్ళకోసారి విమానం దిగి, హైదరాబాదు నుంచి నేరుగా ఇంటి గుమ్మం దాకా టాక్సీలో పోతాం. మనం ఎక్కని బండి నడవాలని కోరే హక్కు మనకుందా? ఉందని మేము వాదించలేము. మన చిన్నప్పటి జ్ఞాపకానికి ప్రభుత్వం డీజిలు పొయ్యనక్కర్లేదు. ప్లాట్‌ఫారం మీది వేపచెట్టు మీద మమకారం ఎంత నిజమైనదైనా, ఆ ఊళ్ళో నేటికీ ఉండి, పొద్దున్నే జిల్లా ఆస్పత్రికి పోవలసిన మనిషి అవసరం ముందు అది నిలవదు. న్యూకాసిల్‌టన్ గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు పాత రోజుల కోసం నిలబడలేదు, సోమవారం పొద్దుటి కోసం నిలబడ్డారు. అది వాళ్ళ బలం. మనకు ఆ బలం లేదు.

అయినా మనకు ఒక పని మిగిలి ఉందనుకుంటాము. మన అమ్మానాన్నలు ఇంకా అక్కడే ఉన్నవాళ్ళం కొందరం. ఫోనులో వాళ్ళు "మాకేం కష్టం లేదురా" అంటారు. పాముకాటు సీసా ఉందా, రాత్రి బండి ఉందా, డాక్టరు కుర్చీలో మనిషి ఉన్నాడా అని అడిగితే గాని అసలు సంగతి బయటికి రాదు. వాళ్ళు కష్టం లేదన్నది మన కోసం, కష్టం లేక కాదు. సర్దుకుపోయేవాళ్ళ నోట కష్టం అనే మాట రాదు గనుక, విచారణ జరిపినా అది రాతలోకి ఎక్కదు. ఇది న్యూకాసిల్‌టన్‌లోనూ అంతే, కోటిపల్లిలోనూ అంతే.

ఇక వేవర్లీ దారి సంగతి. 2015 సెప్టెంబరు 6న ఎడింబరో నుంచి ట్వీడ్‌బ్యాంక్ దాకా 30 మైళ్ళు తిరిగి తెరిచారు. మూడు రోజుల తరువాత రాణి వచ్చి లాంఛనం జరిపించింది. సంతకాలు పోగుచేసిన మాడ్జ్ ఎలియట్ అప్పటికి పండు ముదుసలి, ఆమెను గౌరవంగా పిలిచి రైలెక్కించారు. మొదటి ఏడాదే ప్రయాణాలు 10 లక్షలు దాటాయి. 46 ఏళ్ళు సర్దుకున్నారనుకున్న జనం రైలు కనపడగానే ఎక్కారు. కాని ఆ 30 మైళ్ళు ఎడింబరోలో ఉద్యోగాలు చేసేవాళ్ళు కాపురముండే 30 మైళ్ళు. హాయిక్‌కు రాలేదు. న్యూకాసిల్‌టన్‌కు అసలే రాలేదు. ఆ ఊరి జనాభా ఇవాళ వెయ్యి లోపు.

మిగతా దారిని కార్లైల్ దాకా పొడిగించాలని అక్కడివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. లాభనష్టాలు పరిశీలించడానికి 2021లో కుదిరిన ఒక ఒప్పందంలో కోటి పౌన్ల వరకు కేటాయించారు. అంటే మళ్ళీ లెక్క వేస్తారు. ఏ వారంలో వేస్తారో, ఎవరిని వేస్తారో, గేటు మూసిన వాళ్ళలో ఇంకా బతికున్న ఆ నలుగురినీ వేస్తారో లేదో చూడాలి.